రైలుకట్ట మీద నర్సమ్మగారు

నర్సమ్మగారు పోయారని మా ఊరి రైతు అప్పలనాయుడు ఫోన్ చేసి చెప్పాడు. అప్పుడు నేను శ్రీకాకుళంలో పేపరు విలేకరిగా డ్యూటీలో ఉన్నాను. ముసురు పట్టి ఉంది, మాట సరిగా అందడం లేదు. "పొద్దున్నే టీ తాగి కుర్సీలో కూకున్నారంట. మరి లెగలేదు" అన్నాడు.

ఆవిడ మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. మాకు రెండిళ్ళ అవతల ఉండేవారు. పేరు పెట్టి పిలిచినవాళ్ళని నేను చూడలేదు. చర్చిలోనూ, కోమటి కొట్టు దగ్గరా, పొలం గట్ల మీదా అందరికీ నర్సమ్మగారే.

నౌపడా నుంచి గుణుపురం వెళ్ళే చిన్న రైలు మా వైపు పాతతరం వాళ్ళందరికీ తెలుసు. దాన్ని పెద్ద లైనుగా మార్చినప్పుడు మా ఊరి దగ్గర ఒక వంపును వదిలేసి పట్టాలు తిన్నగా వేశారు. వంపులో పాత కట్ట మిగిలిపోయింది. కొన్నాళ్ళు తుమ్మలు మొలిచాయి. తర్వాత ఉపాధి పనుల్లో తుమ్మలు కొట్టి, గ్రావెల్ పోసి, అటూ ఇటూ కానుగ మొక్కలు నాటారు. ఆటోలు ఎక్కకుండా రెండు చివర్లా రాళ్ళు పాతారు. రైలు కోసం వేసిన కట్ట కదా, ఎత్తుపల్లాలు లేవు. సైకిలు దానంతటదే పోతున్నట్టు ఉంటుంది. కట్ట అవతలి కొసన ఒక పేట ఉంది. వానాకాలంలో కింది బండిదారి మునిగిపోతే, పేటలోని ఆడపిల్లలు హైస్కూలుకు రావడానికి ఈ కట్ట ఒక్కటే దిక్కు.

నర్సమ్మగారు రోజూ ఈ కట్ట మీద పేటకు వెళ్ళేవారు. లేడీస్ సైకిలు, ముందు బుట్టలో బీపీ మిషను, ఒక గొడుగు. నేను ఊళ్ళో ఉన్నప్పుడు వెనకాల వెళ్ళేవాణ్ణి. ఆవిడతో వెళితే ఏ పనీ వేళకు కాదు. దారిలో ఏదో ఒకటి కనపడుతుంది. "ఆగు, అడిగొస్తాను" అని సైకిలు స్టాండు వేసేవారు. కట్ట ఈ పక్క చేలో ఎర్రమన్ను, ఆ పక్క నల్లమన్ను ఎందుకుంది? చిన్న రైలు ఆగే పాత హాల్టు దగ్గర ఇటుకలు ఎవరి ఇంటి గోడలోకి వెళ్ళాయి? ఇటుకల సంగతి అడిగినందుకు ఒకాయన ఆర్నెల్లు ఆవిడతో మాట్లాడలేదు. అయినా బీపీ చూపించుకునే రోజు మాత్రం మాట్లాడకుండానే చెయ్యి చాపేవాడు.

ఆవిడను అన్నిటికన్నా ఎక్కువ వేధించిన ప్రశ్న ఒకటుంది. కట్ట మధ్యలో ఒకచోటికి రాగానే, పెద్దవయసు వాళ్ళంతా సైకిలు హ్యాండిల్ మీంచి కుడిచెయ్యి తీసి నుదుటికి తాకించుకుంటారు. అక్కడ గుడి లేదు, రాయి లేదు, చెట్టు లేదు. చిన్నప్పుడు రైల్లో వెళ్ళేటప్పుడు పెట్టెలో జనమంతా ఆ చోట చేతులు జోడించేవారని ఆవిడ చెప్పారు. మిషన్ బళ్ళో మాస్టారైన వాళ్ళ నాన్న జోడించేవాడు కాదు, ఆవిడా జోడించలేదు. "దణ్ణం పెట్టినోళ్ళు పెట్టేసి మరిసిపోతారు. నేను పెట్టలేదు కదా, అందుకే నాకదే ధ్యాస" అనేవారు.

అడగడం మొదలుపెట్టారు. ఒకరు అమ్మవారన్నారు. ఒక కుర్రాడు మా నాన్న పెడతన్నాడు కాబట్టి నేనూ పెడతన్నాను అన్నాడు. ఇంకొకాయన, ఎప్పుడో ఎవరో రైలు కింద పడ్డారని విన్నట్టు గుర్తన్నాడు. ఈ చివరి మాట ఆవిడకు నచ్చింది. నిజమని నమ్మి నాలుగిళ్ళలో చెప్పారు. దాంతో పేట ఆడపిల్లలు సాయంత్రం పూట ఆ చోటు దాటడానికి భయపడ్డారు. ఆవిడ ఇంటింటికీ తిరిగి, తాను చెప్పింది రుజువు లేని మాటని ఒప్పుకుని రావలసి వచ్చింది.

అసలు జవాబు పేటలో ఒక ముసలమ్మ దగ్గర దొరికింది. చిన్న రైల్లో ఆకుకూరలు వేసుకుని టెక్కలి వెళ్ళి అమ్ముకున్న మనిషి. నర్సమ్మగారు అడిగితే ఆమె ఎదురు ప్రశ్న వేసింది.

"గెడ్డ దాటితే దణ్ణం పెట్టమేటి?"

"అక్కడ గెడ్డేది?"

"ఇప్పుడు లేదు. అప్పుడు రైలు కిందనుంచి పారీది."

మా వైపు కొండల మీంచి దిగే వాగును గెడ్డ అంటారు. ఏరు దాటేటప్పుడు దణ్ణం పెట్టడం ఇక్కడి అలవాటు. నీళ్ళు కనపడకుండా పోయాక కూడా చేతులు మానలేదు.

ఈ సంగతి తెలిసిన వానాకాలంలోనే గొడవ వచ్చింది. అప్పలనాయుడి చేను కట్టకు ఎగువన ఉంది. ఏటేటా కట్ట వారన నీళ్ళు నిలిచి ఊడ్చిన వరి కుళ్ళిపోతోంది. ఆ ఏడు రెండోసారి ఊడ్చాడు. అదీ మునిగింది. కట్టకు గండి కొడతానని పొక్లెయిన్ తెచ్చాడు. గండి పడితే పేట పిల్లలకు దారి లేదు. పడకపోతే అతని ఇంట్లో గింజల్లేవు. ఇద్దరిదీ న్యాయమే. అందుకే అక్కడ చేరిన పెద్దమనుషులు ఎవరి పక్షమూ పట్టలేదు.

నర్సమ్మగారు సైకిలు తెచ్చి పొక్లెయిన్ తొండానికి అడ్డంగా పెట్టారు. "గండి కొట్టకు నాయుడూ. దణ్ణం పెట్టే సోటుంది సూడు, దాని కింద తవ్వించు. కట్టని కాదు, కట్ట అడుగుని. గెడ్డ పారిన తూముంటాది" అన్నారు.

నాయుడు బిత్తరపోయాడు. "దణ్ణం పెట్టే సోట తవ్వమంటావేటమ్మా? నీకైతే దేవుడు వేరు. నాకేటైనా అయితే?"

"అయితే సూసుకోడానికి నర్సుని ఉన్నాను కదా."

జనం నవ్వారు. నాయుడు నవ్వలేదు గానీ డ్రైవరుకు చెయ్యి ఊపాడు. ముందు బురద వచ్చింది, తర్వాత తుమ్మ వేళ్ళు. చాలాసేపటికి ఇనుప పళ్ళు రాతికి తగిలాయి. అక్కడినుంచి పారలతో తవ్వారు. చెక్కిన రాళ్ళతో కట్టిన కమాను బయటపడింది, మనిషి వంగి దూరేంత ఎత్తుంది. లోపలంతా ఒండ్రు. అవతలి మూతి కూడా తెరిచాక నల్లటి నీళ్ళు కంపు కొడుతూ మెల్లగా కదిలాయి. దిగువ రైతులు ముందు మా చేల మీదికి తోలుతున్నారా అని తగువుకొచ్చారు. పాత కాలవ జాడ దొరికాక, ఊడుపుకు నీళ్ళు కావలసింది తమకే కాబట్టి ఊరుకున్నారు. చీకటి పడేలోగా నాయుడి వరి తలలు నీళ్ళ పైకి వచ్చాయి.

నేను రాసిన వార్తకు డెస్కులో నాలుగు లైన్లే చోటు దొరికింది. నర్సమ్మగారు పేపరు పట్టుకుని మా ఇంటికొచ్చారు. పొగిడినందుకు సంతోషపడలేదు. "రైలు కింద ఎవరో పడ్డారని నేను తప్పు సెప్పాను కదా, అది రాయలేదేటి? అది లేకపోతే నాకేదో ముందే తెలుసనుకుంటారు" అన్నారు. అందుకే ఇక్కడ ఆ సంగతి కూడా రాశాను.

తూముకు వానాకాలంలో కాపలా అప్పలనాయుడిదే అయింది. ఎవరూ అప్పగించలేదు. చెత్త అడ్డంపడితే మునిగేది అతని చేనే.

సమాధుల తోట పేట పక్కన ఉంది. నేను ఊరు చేరేసరికి బండిదారి మునిగి ఉంది. శవపెట్టెను కట్ట మీదుగానే మోసుకెళ్ళారు. ముందు పాస్టరు గొడుగు కింద, వెనక పాట పాడుతూ చర్చి ఆడవాళ్ళు, వాళ్ళ వెనక సైకిళ్ళు నడిపించుకుంటూ హైస్కూలు పిల్లలు. కట్ట ఇరుకు కావడంతో జనం ఒకరి వెనక ఒకరు చాలా దూరం సాగారు. నేను చివర్లో ఉన్నాను.

నడుమకొచ్చాక కిందికి చూశాను. అప్పలనాయుడు అప్పటికే దిగిపోయాడు. తెల్ల పంచె మోకాళ్ళ పైకి కట్టి, తూము మూతి దగ్గర నడుము లోతు నీళ్ళలో నిలబడి, కొట్టుకొచ్చిన గడ్డిని రెండు చేతులతో లాగి గట్టు మీదికి విసురుతున్నాడు. పైన పాట దూరమవుతోంది. అతను తలెత్తలేదు. ఇంకో మోపు లాగాడు. నీళ్ళు ఒక్కసారి సుడి తిరిగి, చప్పుడు చేస్తూ కట్ట కిందికి దూరాయి.