మూతల లెక్క

మొగిలమ్మ ఫోన్ చేసేసరికి మధ్యాహ్నం ఒకటిన్నర. రూతు అన్నంలో పప్పు కలుపుకుంటోంది. మొగిలమ్మది మరిపెడ దగ్గర పల్లె, రెండెకరాల మిర్చి. రూతు వీడియో ఒక్కటీ వదలదు. కామెంట్ రాయడం రాదు కాబట్టి ఏ అనుమానమొచ్చినా నేరుగా ఫోనే చేస్తుంది.

"బిడ్డా, పొద్దుగాల నువ్వు చెప్పిన మందు తెచ్చిన. పంపుకు రెండు మూతలంటివి గదా, నిండ పొయ్యాల్నా? మూత చూస్తే చాయ గ్లాసంత ఉన్నది."

రూతు చేతిలో ముద్ద ఆగిపోయింది. కిటికీలో ఉన్న శాంపిల్ సీసా వైపు చూసింది. దాని మూత బొటనవేలికి తొడుక్కునేంత ఉంది.

"జర ఆగవ్వా. మళ్ల చేస్త," అని పెట్టేసింది. తినకుండానే చెయ్యి కడుక్కుంది.

రూతు నెక్కొండ పక్క పల్లెలో కౌలుకు మిర్చి వేసిన సుందర్ రావు కూతురు. డిగ్రీ చదివి, హనుమకొండలో ఒక విత్తనాల కంపెనీకి మూడేళ్లు ఫోన్లో రైతులకు జవాబులు చెప్పింది. ఒక శుక్రవారం మేనేజరు పదకొండు మంది అమ్మాయిలనూ పిలిచి, సోమవారం నుంచి యంత్రమే మాట్లాడుతుందని చల్లగా చెప్పాడు. యంత్రం బాగానే మాట్లాడింది, ఆ మాట ఒప్పుకోవాలి. "లీటరు నీటికి ఒక మిల్లీలీటరు" అని పంతులమ్మలా చెప్పేది. రైతులు సగంలోనే పెట్టేసేవారు. వీపున మోసే పంపుకు ఎన్ని మూతలో చెప్పకుండా ఈ మిల్లీలీటర్ల గోల ఏమిటని వాళ్ల బాధ.

అందుకే రూతు ఎనుమాములలోని అద్దె ఇంట్లో ఫోన్‌కు స్టాండు కొనుక్కుని సొంతంగా ఛానల్ పెట్టింది. "ఎమ్మెల్లు గిమ్మెల్లు మనకొద్దు, మూతల లెక్క చెప్త ఇనుండ్రి" అని ప్రతి వీడియో మొదలుపెట్టేది. రెండేళ్లలో లక్షన్నర మంది చేరారు. తను ఎవరి కిందా పని చేయడం లేదని చుట్టాల దగ్గర గొప్పగా చెప్పుకునేది. పైన ఎవరూ లేకపోతే తప్పు పట్టి ఆపేవాళ్లూ ఉండరన్న సంగతి పాపం అప్పటికి తట్టలేదు.

పోయిన వారమే మొదటిసారి ఒక పురుగుమందుల కంపెనీ ఆమెను వెతుక్కుంటూ వచ్చింది. ఏడాది ఒప్పందం, నెలకు రెండు వీడియోలు. కంపెనీ తరఫు మనిషి భానుచందర్ పంపిన కాగితంలో ఇరవై లీటర్ల పంపుకు ఇరవై మిల్లీలీటర్లని ఉంది. రూతు తన పద్ధతిలో శాంపిల్ సీసా మూతతో కొలిచి, "పంపుకు రెండు మూతలు" అంది. దుకాణంలో అమ్మేది మాత్రం లీటరు సీసా. ఆమె ఆ సీసా చూడనే లేదు.

ఇప్పుడు మార్కెట్ దగ్గరి దుకాణానికి పరుగెత్తి ఆ సీసా కొనుక్కొచ్చింది. ఇంట్లో దగ్గు మందు కొలిచే చిన్న గ్లాసుతో దాని మూతను కొలిచింది. ముప్పై. పంపుకు రెండు మూతలంటే అరవై. చెప్పాల్సిన దానికి మూడింతలు. అంత మందు పడితే పూత మీదున్న మిర్చి మాడిపోతుంది.

టైం రెండు దాటింది. ఎండ తగ్గాక, నాలుగింటికి రైతులు పంపు ఎత్తుకుంటారు. వీడియోను అప్పటికే నలభై వేల మంది చూశారు.

భానుచందర్‌కు ఫోన్ చేసి, వీడియో తీసేస్తానంది.

"తీసెయ్యకండి మేడం. వీడియో కనీసం వారం ఉండాలని అగ్రిమెంట్ల ఉంది. తీసేస్తే ఏడాది పని పోయినట్టే. కింద ఒక లైను రాయండి, లేబుల్ చూసి వాడుకోమని. అందరు గట్లనే చేస్తరు."

"మా రైతులు లేబుల్ చదువరు సార్."

"అది మా తప్పా? మా కాగితంల ఎమ్మెల్లే ఉండె. మూతలన్నది మీరు."

ఆ మాట నిజం. నిజం కాబట్టే రూతుకు ఒళ్లు మండింది.

ఆమె భర్త ప్రవీణ్ ఇన్వర్టర్లు బాగుచేస్తాడు. అన్నానికి ఇంటికొచ్చి సంగతంతా గుమ్మంలో నిలబడే విన్నాడు. "ఏడాది పని రూతూ. కింద రాస్తే సరిపోదా?" అన్నాడు మెల్లగా.

"మా నాయిన ఎన్నడన్న లేబుల్ సదివిండా? ఎవలో ఒకలు చెప్తే ఇన్నడు. గీళ్లు గుడ నేను చెప్తే ఇంటాండ్రు," అంది రూతు. మరో మాట రానివ్వకుండా వీడియో తీసేసింది.

తీసేస్తే మాత్రం పోతుందా? అప్పటికే అది ఊరూరి వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. దాని వెనక పరుగెత్తే ఇంకో వీడియో కావాలి. జుట్టు దువ్వుకుని, నవ్వు ముఖం పెట్టి, "నమస్తే, ఒక చిన్న సవరణ" అని రికార్డు చేసింది. చూసుకుంటే తన మీద తనకే అసహ్యం వేసింది. చేను మాడే చోట చిన్న సవరణ ఏమిటి? అది చెరిపేసి, చెమట ముఖంతోనే మళ్లీ కూర్చుంది.

"నేను తప్పు చెప్పిన. పంపు కింద పెట్టుండ్రి. పెద్ద సీసా మూతతోని రెండు మూతలు పోస్తే చేను మాడుతది. ఈ పొద్దు ఎవలు గుడ ఆ మందు కొట్టకుండ్రి. తప్పు నాది."

మళ్లీ చూసుకోలేదు. అలాగే ఛానల్లో పెట్టేసింది. తర్వాత, పొద్దున మందు గురించి అడుగుతూ నంబర్లు పంపిన వాళ్ల జాబితా తీసింది. అరవై మూడు మంది. ప్రవీణ్ తన ఫోన్ తీసుకుని కింది సగం నంబర్లకు చేయడం మొదలుపెట్టాడు. కొందరు బతికించావన్నారు, కొందరు నోటికొచ్చినట్టు తిట్టారు. మొగిలమ్మ మాత్రం ఎత్తడం లేదు. మూడింటికి ఎత్తలేదు, నాలుగింటికి ఎత్తలేదు. ఐదింటికి కూడా ఎత్తలేదు.

ఆరింటికి ఆమే చేసింది.

"ఫోన్ ఇంట్ల చార్జింగ్ పెట్టి పోయిన బిడ్డా. నేను కొట్టలే. నువ్వు ఆగుమంటివి, ఆగిన."

రూతుకు ఏడుపు ఆగలేదు.

"గని మా మరిది కొమురెల్లి నేను పొయ్యేసరికే ఎకరం కొట్టిండు," అంది మొగిలమ్మ. "గీ మందు వద్దన్నడు ముందుగాల. రూతు చెప్పిందంటే తిరుగులేదని నేనే బలిమి చేసి నీ వీడియో చూపెట్టిన."

మూడో రోజు భార్యాభర్తలిద్దరూ బండి మీద మరిపెడ వైపు వెళ్లారు. భానుచందర్ నుంచి ఒప్పందం రద్దయిందన్న మెసేజ్ దారిలో వచ్చింది. రూతు దాన్ని చదివి ఫోన్ సంచిలో పడేసింది. ఆమె భయమంతా కొమురెల్లి గురించే. తిడతాడు, పది మందిని పోగేస్తాడు, పడాల్సిందే అని దారి పొడుగునా మనసును గట్టి చేసుకుంది.

చేనులో ఆకులు అంచుల వెంట మాడి ముడుచుకున్నాయి. పూత రాలి సాళ్లలో పడి ఉంది. కొమురెల్లికి అరవై ఏళ్లుంటాయి. తిట్టలేదు. బిందెలో నీళ్లు చూపించి, దూరం నుంచి వచ్చారు తాగండన్నాడు. ఒక కొమ్మ విరిచి ఆమె చేతిలో పెట్టాడు.

"అయ్యింది అయ్యింది. ఇగ ఏం కొట్టాలె, చెప్పు బిడ్డా."

రెండేళ్లుగా ఎవరేం అడిగినా తడుముకోకుండా చెప్పిన మనిషి రూతు. ఇప్పుడూ నోటిదాకా ఏదో పేరు వచ్చింది. మింగేసింది.

"నాకు తెల్వదు కాకా."

మూడు రోజులుగా మాడిన చేను చూస్తూ కూడా నిబ్బరంగా ఉన్న మనిషి ఆ మాటకు గట్టు మీద కూలబడ్డాడు. ఆమె వస్తే దారి చెబుతుందన్న నమ్మకంతోనే ఇన్నాళ్లూ ఓర్చుకున్నాడని రూతుకు అప్పుడు అర్థమైంది.

"తెల్వదా?" అన్నాడు. "మరి మొన్న అంత ధీమాగ ఎట్ల చెప్తివి?"

కోపంతో అన్నది కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. రూతు సంచిలోంచి ఫోన్ తీసింది. మండల వ్యవసాయాధికారికి ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, ఆయన చెప్పడం పూర్తయ్యేదాకా కొమురెల్లి పక్కనే కూర్చుని తనూ వింది.