సూది పేరు చెప్పి వకీలు దగ్గరికి

వనపర్తిలో కాలేజీకి పోయే దారిలో ఒక కంపెనీ చాయ్ ఫ్రాంచైజీ పెట్టాలని మా బావ, అంటే మా ఆయన అన్న, నిర్ణయించాడు. ఆడవాళ్ల పేరు మీదైతే కంపెనీ రాయితీ ఇస్తుందట. అందుకని సంతకం నాది. నన్నెవరూ అడగలేదు. శుక్రవారం మంచిరోజని చూసుకుని, బుధవారం నాకు చెప్పారు.

అగ్రిమెంటు నలభై పేజీలు, మొత్తం ఇంగ్లీషు. కంపెనీ ఏజెంటు తెలుగులో ఇచ్చింది రంగుల బొమ్మలున్న కాగితం ఒక్కటే. అగ్రిమెంటు రెండుసార్లు చదివాను. మాటలు తెలిశాయి గానీ, వాటితో మమ్మల్ని ఎక్కడ కట్టేస్తున్నారో తెలియలేదు. వకీలుకు చూపిద్దామన్నాను.

"డిగ్రీ చదివినామెకు కాగితం చదవనీకె రాదా?" అన్నాడు బావ, నాతో కాదు, మా ఆయనతో. "నేను మాటిచ్చిన. ఇప్పుడు వకీలంటే నా ఇజ్జత్ ఏంగావాలె?"

మా ఆయన అన్నకు ఎదురు చెప్పడు. కొత్తకోట చౌరస్తాలో బావకు చాయ్ హోటల్ ఉంది. గల్లా దగ్గర బావ, పొయ్యి దగ్గర మా ఆయన. రెండు సంసారాలూ దాని మీదే బతుకుతున్నాయి.

గురువారం మా పాపకు టీకా సూది వేయించాలని చెప్పి వనపర్తి బస్సెక్కాను. నిజంగా ఆ రోజే వేయించాలి. కానీ కోర్టు దగ్గర వకీలు గదిలోనే మధ్యాహ్నం దాటిపోయింది. ఆయనా విసుగ్గానే మాట్లాడాడు.

"అందరు సంతకం పెట్టి మునిగినంక వస్తరు. నువ్వేందమ్మా, ముందుగాల్నే వచ్చినవ్?"

"భయమైతుంది సార్."

పాప ఒక పేజీ మూలను నోట్లో పెట్టుకుంది. ఆయన లాక్కుని, తడి తుడిచి, ఆ పేజీయే చదివాడు. "మీ ఇంట్ల ఎవరన్న చాయ్ అమ్ముతరా?"

చెప్పాను.

"గట్లయితే అది బందు పెట్టుకోవాలె. నువ్వు గాని, నీ మొగుడు గాని, ఆయన అన్నదమ్ములు గాని ఈ జిల్లాల ఇంకో చాయ్ దుకాణం నడపొద్దని రాసిన్రు. నడిపితే దండుగ నీ మీద. గీ మాట కొట్టేస్తేనే సంతకం పెట్టు."

సాయంత్రం మా ఆయనకు చెప్తే, "అన్నకు నువ్వే చెప్పుకో, నాతోని గాదు" అని అటు తిరిగాడు.

శుక్రవారం ఏజెంటు మా ఇంట్లో కూర్చున్నాడు. బావ హోటల్ నుంచి ఫ్లాస్కులో తెచ్చిన చాయ్ బాగుందని రెండో గ్లాసు పోయించుకున్నాడు. పెన్ను నా వైపు చాపాడు. నేను పెన్ను తీసుకోకుండా ఆ పేజీ తీసి, వకీలు చెప్పింది తెలుగులో చెప్పాను.

"అది అన్నిట్ల ఉంటదమ్మా. ఎవరు పట్టించుకుంటరు?" అని నవ్వాడు.

"పట్టించుకోనిది ఎందుకు రాసిన్రు? కొట్టేసి ఇయ్యిన్రి."

"అది నా చేతిల లేదు."

"అంటే నా హోటల్?" అన్నాడు బావ.

"దాందేముంది సార్, మీ బామ్మర్ది పేరు మీద పెట్టుకోన్రి."

బావ లేచి, అతని చేతిలోని గ్లాసు, సగం చాయ్ ఉండగానే, తీసేసుకున్నాడు.

సంతకం లేని కాగితాలతో ఏజెంటు పోయాక, బావ నాతో ఒక్క మాటైనా అంటాడనుకున్నాను. మా ఆయన వైపు తిరిగి, "సూదికని చెప్పి వకీలు దగ్గరికి పోయిందా?" అన్నాడు. మా అత్త లోపలికి వెళ్లి పాప సూదుల కార్డు తెచ్చింది. గురువారం సూది గడి ఖాళీగా ఉంది.

"పిల్ల పానం మీద అబద్ధమాడిందిరా" అంది.

హోటల్ మిగిలిన సంగతి ఎవరికీ గుర్తు లేదు. సోమవారం సూది వేయించాను. పాపకు కాస్త ఒళ్లు వెచ్చబడితే, ఆలస్యం చేసినందుకేనని అత్త వీధంతా వినబడేలా అంది. సూదికి అలా అవుతుందని నర్సు చెప్పినా, అత్త మాట నాలోంచి ఇంకా పోలేదు. అబద్ధమాడినందుకు నా మీద నాకే కోపం. ఆడేలా చేసినందుకు వాళ్ల మీద అంతకంటే ఎక్కువ.

బావ ఇప్పటికీ నాతో మాట్లాడడు. తెల్లవారుజామునే పోయి, ఆ హోటలే తెరుస్తాడు. ఈసారి నా పేరు మీద ఏ కాగితం వచ్చినా, వకీలు దగ్గరికని చెప్పే బస్సెక్కుతాను.