బావ ఊపి చూసిన డిస్కు

ఆ రోజుల్లో నాకొక పిచ్చి నమ్మకం ఉండేది, పని సరిగ్గా చేస్తే పేరు దానంతట అదే వస్తుందని. డిగ్రీ అయిపోయి ఇంట్లో ఖాళీగా కూర్చున్న నన్ను మా అక్క పట్టుబట్టి, కార్ఖానా ఏరియాలో మా బావ నడిపే పెళ్లి వీడియోల స్టూడియోలో పనికి పెట్టించింది. కంప్యూటర్లన్నీ చూసుకోవడం నా పని. అక్కడి సర్వర్‌లో నాలుగు డిస్కులు, వాటిని ఒకటిగా కలిపి నడిపే సాఫ్ట్‌వేర్ రెయిడ్ ఉండేవి. నాలుగింట్లో ఏ ఒక్కటి చెడినా, మిగిలిన మూడింటి సాయంతో అందులో ఉన్నదంతా కొత్త డిస్కు మీద తిరిగి రాసుకోవచ్చు. రెండు పోతే మాత్రం అన్నీ పోయినట్టే. ఈ రెండో సంగతి మా బావ ఏనాడూ వినలేదు. "మా దగ్గర వీడియో పోవుడన్నదే ఉండది, రెయిడ్ ఉన్నది" అని వచ్చిన ప్రతి పార్టీకీ చెప్పేవాడు. (ఫోన్లో ఆ మాట మొదటిసారి విన్నప్పుడు మా అక్క ఇన్‌కంటాక్స్ వాళ్లనుకుని నగల డబ్బా బియ్యంలో దాచింది.)

అలాంటిది ఒకరోజు ఒక డిస్కు నిజంగానే చచ్చింది. "బావా, ముందుగాల అన్నిటికీ కాపీ తీస్తా, తర్వాత కొత్త డిస్కు పెడదాం" అన్నాను. "ఇప్పుడు నడుస్తున్నదా లేదా?" అన్నాడు. నడుస్తున్నది గానీ, అని నేను మొదలుపెట్టేలోపే "మరింకేంది పరేషాన్? కాపీలని ఎడిటింగ్ బంద్ పెడితే పార్టీలకు ఏం జవాబు చెప్పాలె? కొత్తది పెట్టెయ్ జల్దీ" అన్నాడు. ఆయన స్టూడియో, ఆయన మాట. చచ్చినదాన్ని తీసి కొత్తది పెట్టి, పాత డిస్కుల నుంచి దానిమీదికి రాయడం మొదలుకాగానే, సర్వర్ మీద 'ముట్టుకోవద్దు' అని కాగితం అంటించి అన్నానికి వెళ్లాను. (ఆ కాగితం బయటివాళ్ల కోసమనుకున్నాడట మా బావ.)

తిరిగొచ్చేసరికి బావ చేతిలో ఒక డిస్కు ఉంది. చెవి దగ్గర పెట్టుకుని, కొబ్బరికాయలో నీళ్లున్నాయో లేదో చూసినట్టు ఊపుతున్నాడు.

"ఏం చేస్తున్నవ్ బావా?"

"గీ లైటు ఊకె కొట్టుకుంటున్నది. గిది సుత ఖరాబయిందని తీసిన. లోపల ఏందో గిరగిర తిరుగుతున్నది, ఇను."

తిరగక ఏం చేస్తుంది? అది బంగారంలాంటి డిస్కు. తనలో ఉన్నదంతా చదివి కొత్తదానికి అందించే పనిలో ఉంది కాబట్టే లైటు అంత హడావిడిగా కొట్టుకుంది. తెర మీద చూస్తే రెయిడ్ ఆగిపోయింది. చచ్చినదొకటి, బావ పీకినదొకటి, మొత్తం రెండు పోయినట్టే లెక్క. ఆ సీజన్ పెళ్లిళ్లన్నీ అందులోనే ఉన్నాయి. కెమెరా కార్డులు అప్పటికే చెరిపి వేరే పెళ్లిళ్లకు వాడేశారు.

సరిగ్గా అప్పుడే చర్చి ఆంటీ లోపలికొచ్చారు. కోస్తా నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడే స్థిరపడ్డ టీచరమ్మ. కూతురి పెళ్లి వీడియో మేమే తీశాం. పెళ్లయిన కొద్ది వారాలకే అంకుల్ గుండెపోటుతో పోయారు. వీడియో ఎప్పుడిస్తారని ఆమె అడిగితే, మా బావ చేతిలోని డిస్కు నా చేతిలో పెట్టి, "జెర టైం పడతది ఆంటీ. మా మరదలు కొత్తగ నేర్చుకుంటున్నది, ఏందో గడబిడ చేసింది" అన్నాడు. నేను నోరు తెరిచాను. అక్క ముఖం గుర్తొచ్చి మూసుకున్నాను.

"అంతా ఫార్మాట్ కొట్టి మళ్ల షురూ చెయ్ రాదు" అని, మిగిలినది కూడా తుడిచిపెట్టే సలహా ఒకటి ఇచ్చాడు బావ. ఆయన మళ్లీ చెయ్యి పెట్టకుండా సర్వర్‌కు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆ డిస్కును దాని చోట పెట్టి, పాత మూడింటినీ బలవంతంగా కలిపి, కొత్తగా ఒక్క అక్షరం కూడా రాయనివ్వకుండా, ఉన్నదాన్ని బయటి డిస్కులోకి తోడుకున్నాను. ఊపిన డిస్కు అక్కడక్కడా మొరాయించింది. చదవలేని చోట్లు వదిలేసి ముందుకెళ్లాను. దాదాపు అన్నీ వచ్చాయి.

ఆంటీని పిలిచి చూపించాం. కూతురి చెయ్యి పట్టుకుని అంకుల్ చర్చిలో నడిచి రావడం, ఉంగరాలు, కేకు, అన్నీ బాగున్నాయి. రిసెప్షన్‌లో అంకుల్ మైకు అందుకుని గొంతు సవరించుకున్నారు. "మా అమ్మాయి పుట్టినప్పుడు" అన్నారు. అంతే. తెరంతా ఆకుపచ్చ గళ్లు, శబ్దం లేదు. మళ్లీ బొమ్మ వచ్చేసరికి జనం చప్పట్లు కొడుతున్నారు.

"ఆ మాటలు వినాలనే వచ్చానమ్మా" అన్నారు ఆంటీ. "అప్పుడు నేను భోజనాల దగ్గరున్నాను. ఏం చెప్పారని ఇంటికొచ్చాక అడిగితే, వీడియోలో చూద్దువుగానిలే అన్నారు."

బావ వీడియో ఆపి, "మా మరదల్ని మంచిగనే తిట్టిన ఆంటీ" అన్నాడు.

"పాపం, తిట్టకండి" అని ఆమె నా తల మీద చెయ్యి వేశారు. "నేర్చుకునేటప్పుడు అందరికీ జరుగుతాయి. నేను క్షమించేశానమ్మాయ్. నీకోసం ప్రార్థన కూడా చేస్తాను."

"థాంక్స్ ఆంటీ" అన్నాను.

తర్వాత ఎక్కువ రోజులు అక్కడ ఉండలేదు. ఇప్పుడు బేగంపేటలో ఒక ఆఫీసు సర్వర్లు చూస్తున్నాను. చుట్టాలు కలిసిన ప్రతిచోటా మా బావ, మరదలు పోగొట్టిన వీడియోలను తాను డిస్కు ఊపి ఎలా బతికించాడో చెబుతూనే ఉంటాడు. అక్క అవునవునంటుంది. నేను పెరుగన్నం కలుపుకుంటాను. ఆ కోపం ఇంకా చల్లారలేదు, చల్లారుతుందని కూడా అనుకోను. మొన్న మెట్రోలో ఆంటీ కనిపించి, నా మెడలో ఆఫీసు కార్డు చూసి ఎంతో సంతోషపడ్డారు. "చూశావా, ప్రార్థన ఊరికే పోలేదు" అన్నారు. అవును ఆంటీ అన్నాను. ఆమె దిగిపోయాక, చెయ్యని తప్పుకు క్షమాపణ అందుకుని అంత బుద్ధిగా థాంక్స్ చెప్పిన ఆ పిల్ల గుర్తొచ్చి, పక్కవాళ్లు చూస్తున్నా నవ్వు ఆపుకోలేకపోయాను.