అత్త చేనులో పడిన అంతరిక్షం

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నా చదువుకు నా మతితో పాటు నాగమ్మత్త చేనులో వాన పదును కూడా పోయింది. ఆ ఘనకార్యం చెబుతాను, నవ్వండి. చివరిదాకా నవ్వగలిగితే మీరు నాకన్నా గట్టివాళ్లే.

అప్పటికి నేను విశ్వవిద్యాలయంలో విమానయాన, అంతరిక్ష చట్టాల కోర్సులో చేరి ఆరు నెలలు. కళ్యాణదుర్గం దగ్గర మా ఊళ్లో ఆ చదువేమిటో ఎవరికీ తెలియదు. నాకూ అంతంతమాత్రమే. అయినా సెలవులకు వచ్చినప్పుడల్లా చంద్రుడి మీద మా తాతకు నాలుగెకరాలున్నట్టే మాట్లాడేవాణ్ణి.

ఆ జూలైలో ఒకే ఒక్క మంచి వాన పడింది. మా మేనత్త నాగమ్మ ఒంటి చేత్తో సేద్యం చేసే మనిషి. శెనక్కాయ విత్తనం ఒలిచిపెట్టుకుని, విత్తే గొర్రు మాట్లాడుకుని, పొద్దున్నే చేనుకు పోయేసరికి నడిమధ్య పగిలిన తెల్ల రబ్బరు బుడగ, దానికి దారంతో కట్టిన చిన్న పెట్టె పడి ఉన్నాయి. నన్ను పిలిపించింది.

"ఏమప్పా, ఆకాశం సదువు సదువుతాండావు కదా, ఇదేందో చూసి చెప్పు."

ఇరవై అడుగుల దూరంలోనే ఆగి చేతులు చాపాను. "ఎవురూ తాకొద్దు! పైనుంచి పడింది పంపిన దేశానిదే. ఆఫీసర్లు వచ్చేదాకా చేన్లో అడుగు పెట్టకూడదు."

"కోడిగంపంత కూడా లేదు, దీనికొక దేశమా?"

"చట్టం సైజు చూడదత్తా."

"కట్టెతో గట్టుమీదికి నెట్టి ఇత్తుకుంటా లేప్పా."

"నెడితే కేసవుతాది!"

"పదును రెండు దినాలే ఉంటాది. ఆరిపోతే ఇత్తనం మొలవదు."

"నా మాట విను. నేను సదివినోణ్ణి."

ఆ ఒక్క మాటకే ఆమె గొర్రును తిప్పి పంపేసింది. నా మాటకు ఊరంతా నవ్వే రోజుల్లో, దాన్ని నమ్మిన మనిషి ఆమె ఒక్కతే.

చేను చుట్టూ తాడు కట్టాను. మేకలకు చట్టం వివరించి తరిమాను. నంబరు దొరికిన ప్రతి ఆఫీసుకూ ఫోన్ చేశాను. ఈలోగా ఎండ కాసింది, గాలి రేగింది. అత్త రోజూ గట్టు మీద కూర్చుని మట్టిని పిడికిట్లో నొక్కి చూసేది. మొదటి రోజు ముద్దయింది. మూడో రోజు వేళ్ల సందుల్లోంచి జారిపోయింది.

నాలుగో రోజు ఒక పోలీసాయన మోటార్ సైకిల్ మీద వచ్చి, తాడు దాటి, పెట్టెను చేత్తో తిరగేశాడు. అడుగున కాగితం అంటించి ఉంది, అదీ తెలుగులోనే.

"వాన, గాలి సంగతి తెలుసుకునే పెట్టె అంట. ప్రమాదం లేదు, పారేయొచ్చు అని రాసుండారు. తాడు కట్టిందెవరప్పా?"

అందరూ నా వైపే చూశారు.

"వాన యెప్పుడొస్తాదో చూసేదానికి అది పైకి పోయింది. వచ్చిన వానను నువ్వు పోగొడితివి," అంది అత్త, నెమ్మదిగా. తిట్టి ఉంటే బాగుండేది.

మళ్లీ వాన సెప్టెంబరుకు గానీ రాలేదు. శెనక్కాయకు అదను దాటింది. అత్త ఉలవలు చల్లుకుంది. పైనుంచి పడిన వస్తువు నేల మీద నష్టం చేస్తే పూచీ ఎవరిదని పరీక్షలో అడిగారు. పంపినవాడిదని రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. రాస్తుంటే మాత్రం సిగ్గేసింది.

తర్వాతి సెలవుల్లో అత్త ఉడికించిన ఉలవల గుగ్గిళ్లు పళ్లెంలో పెట్టి నా ముందుకు జరిపింది.

"తినప్పా, ఇది నీ పంటే."

ఆ గుగ్గిళ్ల మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను: ఆకాశం నుంచి పడేవాటిలో వాన గురించి తప్ప ఇక దేని గురించీ నోరెత్తను. ఆ వాన పడిన రోజున విత్తనానికీ చేనుకూ మధ్య అస్సలు నిలబడను.