యాదమ్మ సిస్టర్ అడిగిన ప్రశ్న

మొన్న మా మేనకోడలి పెళ్లిలో, పెళ్లికూతురి ముఖం మీద నాలుగంగుళాల మందాన పరిచిన మేకప్పును ముగ్గురు ఆడవాళ్లు కొబ్బరినూనెలో ముంచిన దూదితో తవ్వి తీస్తున్నారు. నూనె, పౌడరు కలిసిన ఆ వాసన ముక్కుకు తగలగానే నేను కుర్చీలోంచి లేచాను. ఎందుకు లేచానో తెలియక కూర్చున్నాను. మళ్లీ లేచాను. "ఏమైంది మామయ్యా, కుర్చీలో చీమలున్నాయా?" అంది పెళ్లికూతురు. చీమలు కావు, యాదమ్మ సిస్టర్. ముప్పయ్యేళ్ల కిందట ఫిల్మ్ నగర్ దిగువన ఓ చిన్న ఆసుపత్రి క్యాజువాలిటీలో నేను కొత్త డ్యూటీ డాక్టరును, ఆవిడ హెడ్ నర్సు. కాగితం మీద నేను ఆవిడకు పై అధికారిని. ఆ కాగితం ఆవిడ కంటపడినట్టు లేదు.

ఆవిడది యూసుఫ్‌గూడ. మనిషి ఐదడుగులకు రెండంగుళాలు తక్కువ. గొంతు మాత్రం జూబ్లీహిల్స్ బండలు పగలగొట్టడానికి సరిపోయేది, కానీ దాన్ని వాడేది కాదు. రోగి ఎంత గట్టిగా అరిస్తే ఆవిడ అంత మెల్లగా మాట్లాడేది. నేనేమో కాళ్ల కింద నిప్పులున్నవాడిలా తిరిగేవాణ్ని. ఆ గదిలో నేను ఒక్క రోజు నడిచిన దూరంతో విజయవాడ వెళ్లి, భోంచేసి, కాసేపు కునుకు తీసి తిరిగి రావచ్చు. "జర కూసోండ్రి సారూ. మీరు తిరుగుతుంటె పేషెంటుకు తల తిరుగుతున్నది," అనేది.

ఒక మధ్యాహ్నం స్టూడియో వ్యానులోంచి సాక్షాత్తూ రాక్షసరాజు దిగాడు. గుమ్మం పట్టనంత కిరీటం, ఆకుపచ్చ ముఖం, జానెడు కోరలు. పట్టుకోవడానికి పదిమంది, చూడటానికి సగం జూబ్లీహిల్స్. ఏదేదో గొణుగుతున్నాడు, దగ్గరికెళ్లినవాణ్నల్లా తోస్తున్నాడు. ప్రొడక్షన్ మేనేజరు నా చెయ్యి పట్టుకుని, "పొద్దున బాగానే ఉన్నాడండీ, ఉన్నట్టుండి పిచ్చెక్కింది. పాత్ర మరీ ఒంటబట్టేసిందండీ. ఓ మత్తింజక్షన్ పొడిచేయండి డాక్టరు గారూ, నాలుగింటికల్లా మాకు యుద్ధం ఉంది," అన్నాడు. అప్పటికే నా చేతిలో సూది సిద్ధంగా ఉంది. యుద్ధానికి నేనూ ఉత్సాహంగానే ఉన్నాను.

"సిన్మా అయిపోయింది, అందరు బయటికి నడువుండ్రి," అంది యాదమ్మ సిస్టర్. తలుపు మాత్రం తీసే ఉంచింది, ఆ దారికి ఎవర్నీ అడ్డం నిలబడనివ్వలేదు. చేయి చాస్తే అందనంత దూరంలో స్టూలు వేసుకుని కూర్చుంది. "అన్నా, నీ పేరేంది?" అని అడిగింది. రాక్షసుడు ఆగాడు. ఆ రోజు అతణ్ని పేరు అడిగింది ఆవిడొక్కతే అనుకుంటాను. నా సూది వైపు చూసి, "అది తర్వాత సారూ. ముందుగాల మొఖం కనవడనియ్యండ్రి," అంది. రంగు పూసుకున్న సినిమావాళ్లు తరచూ వచ్చే చోటు కనుక మా మందుల బీరువాలో కొబ్బరినూనె సీసా ఎప్పుడూ ఉండేది. మెల్లగా మాట్లాడుతూ, దగ్గరికి జరుగుతూ, అతని కిరీటం, కోరలు తీసి, నుదురు తుడిచింది. ఆకుపచ్చ రంగు కింద ముఖం బూడిదలా పాలిపోయి, చల్లటి చెమటలో ఈదుతోంది. వేలు పొడిచి చుక్క రక్తం చూస్తే చక్కెర అడుగంటి ఉంది. నరంలోకి గ్లూకోజు ఎక్కించిన కాసేపటికి రాక్షసరాజు కళ్లు చిట్లించి, "నా కోరలేవండీ?" అన్నాడు. పాపం షుగరు మనిషి. పొద్దున మాత్ర వేసుకున్నాడు. నమిలితే కోరలు ఊడతాయని మేకప్ మ్యాన్ చెబితే మధ్యాహ్నం దాకా మెతుకు ముట్టలేదు. నేను గనక మత్తిచ్చి ఉంటే అతను ఏ యుద్ధానికీ లేచేవాడు కాదు. "పిచ్చి అని ఎవలు చెప్పినా నమ్మకుండ్రి సారూ. ఒంట్ల ఏమున్నదో ముందు చూడుండ్రి," అంది. ఆ తర్వాత నెల రోజులు, మా వాచ్‌మన్‌తో సహా గొంతు పెంచిన ప్రతివాడి వేలూ పొడిచాను.

అరిచేవాళ్లను ఎలా చూడాలో వచ్చేసిందనుకున్నాను. నవ్వించేవాడొస్తాడనుకోలేదు. మధురానగర్‌లో ఉంటూ సినిమాలకు హాస్య సన్నివేశాలు రాసే ఒకాయన కడుపునొప్పంటూ వచ్చాడు. అయిదు నిమిషాల్లో క్యాజువాలిటీ అంతా దొర్లి దొర్లి నవ్వింది. చెయ్యి విరిగినవాడు రెండో చేత్తో బల్ల చరిచాడు. నేను నాలుగు జోకులు వేస్తే ఆయన నలభై వేశాడు. అలాంటి రోగి దొరకడం ఏ జన్మ పుణ్యమో అనుకుంటూ, గ్యాసు మాత్రలు రాసి పంపబోయాను. లేస్తూ ఆయన తన కలం నా జేబులో పెట్టాడు. "ఉంచుకోండి డాక్టరు గారూ. నేనిక రాయాల్సినవి లేవు." అది కూడా జోకే అనుకుని నవ్వాను.

యాదమ్మ సిస్టర్ నవ్వలేదు. కర్టెన్ లాగి, ఆయన్ని కూర్చోబెట్టి, ఎదురుగా తనూ కూర్చుంది. టీ తాగుతావా అని అడిగినంత మామూలుగా, "అన్నా, సచ్చిపోవాల్ననిపిస్తున్నదా?" అంది.

నేను ఆవిణ్ని పక్కకు పిలిచి, "ఏంటి సిస్టర్, లేనిపోని ఆలోచన బుర్రలో పెడతారా!" అన్నాను.

"నేను వెట్టేదేంది సారూ? లోపల ఉన్నదాన్నే అడిగిన. అడగకుంటె ఆడనే ఉంటది."

ఆయన కర్టెన్ పక్కకు జరిపాడు. "ఇవాళే అనుకున్నానండీ," అన్నాడు.

ఆవిడ కంగారు పడలేదు, నీతులు చెప్పలేదు. ఎలా అనుకున్నాడో, ఇంట్లో ఎవరున్నారో మెల్లగా అడిగి తెలుసుకుంది. ఆయన అక్కకు ఫోను చేయించి, గదిలో ఆయన దాచుకున్నదాన్ని తీయించింది. మానసిక వైద్యుడికి కబురు పంపింది. కలం నా జేబులోంచి తీసి ఆయన జేబులో పెట్టింది. ఆయన ఒక్క క్షణం కూడా ఒంటరిగా ఉండకూడదంది. తోడుండాల్సింది నేను. "పక్కన కూసోండ్రి సారూ. నవ్వియ్యకుండ్రి."

డాక్టరొచ్చేదాకా మూడు గంటలు పట్టింది. నా లెక్కలో మూడు యుగాలు. నాలుక మీద నూటపదహారు జోకులు బారులు తీరాయి, ఒక్కొక్కటిగా మింగాను. మోకాలు ఊగుతుంటే చేత్తో నొక్కిపట్టాను. ఆయన ఒకే ఒక్క మాటన్నాడు. "మీరు పడిపడి నవ్వారు కదండీ, ఇక నన్నెవరూ కనిపెట్టలేరనుకున్నాను." అక్క వచ్చి, ఆయన చెయ్యి పట్టుకుంది. ఆ సాయంత్రం ఆయన్ని వైద్యుడు చేర్చుకున్నాడు. ఆ తర్వాత ఏమయ్యాడో నాకు తెలియదు. ఏ సినిమాలో జనం నవ్వినా, రాసిందెవరోనని ఇప్పటికీ తెర మీద ఆయన పేరు కోసం వెతుకుతాను.

యాదమ్మ సిస్టర్ రిటైరై, పోయి కూడా చాలా ఏళ్లయింది. నేనిప్పటికీ కుదురుగా కూర్చోలేను. కానీ విందుల్లో ఎవరైనా మరీ నవ్విస్తుంటే నాకు ముద్ద దిగదు. పక్కకు తీసుకెళ్లి, స్టూలు వెతికి, ఆ ప్రశ్న అడిగేస్తాను. "నిన్ను పిలవాలంటేనే జనం హడలిపోతున్నారు," అంటుంది మా ఆవిడ. నిజమే, చాలామంది తిట్టారు. ఒకాయన పెరుగన్నం విస్తరి వదిలేసి వెళ్లిపోయాడు.

ఇద్దరు మాత్రం తిట్టలేదు. కూర్చున్నారు.