ఇద్దరి పేరు మీద ఒక వారం

శుక్రవారం చివరి రోజు. గోవాలో ఉదయం తొమ్మిదిన్నరకు విమానం ఎక్కి పదకొండుకు శంషాబాద్‌లో దిగాను. ఎయిర్‌పోర్టు బస్సులో జూబ్లీ బస్టాండు, అక్కడి నుంచి నిజామాబాద్ ఎక్స్‌ప్రెస్, దాదాపు నాలుగు గంటలు. నిజామాబాద్‌లో టీ తాగి బోధన్ బస్సు ఎక్కాను. చెరకు నరికే కాలం కాబట్టి దారంతా ట్రాక్టర్లే. ముప్పావు గంట దారికి గంటకు పైగా పట్టింది.

బోధన్ బస్టాండు దగ్గర ఖలీల్ భాయ్ ఆటో దొరికింది. మా వీధిలోనే ఉంటాడు. నా మొహం చూసి, "గోవా పోయి నల్లగయిండ్రు సార్. గీ ఎండ బోధన్ల లేదా, గంత దూరం పోయి తెచ్చుకున్నరు?" అన్నాడు. నేను నవ్వుతానని కాసేపు చూశాడు.  ఇంటి ముందు దింపి, బ్యాగు చేతికిస్తూ మెల్లగా చెప్పాడు: "మీ అత్తమ్మ మీ ఇంట్లనే ఉన్నది సార్. మూడు దినాలాయె."

ఇంట్లోకి వెళ్లకుండా పక్క సందులోంచి పెరట్లోకి వెళ్లాను. అక్కడ ఐదు సాళ్ల పసుపు ఉంది. నా భార్య సుజాత జూన్‌లో పెట్టింది. ఆకంతా కోసి గోడ పక్కన కుప్ప వేశారు. సాళ్లకు నీళ్లు పెట్టిన తడి ఇంకా ఆరలేదు. అత్తమ్మ వెనక గుమ్మంలో కూర్చుని ఉంది. "వచ్చినవా బిడ్డ. కాళ్లు కడుక్కో," అంది. నేను కదలకపోయేసరికి సాళ్ల వైపు చూసి, "రేపటికి పదునుంటది. ఎల్లుండికి రాయైతది," అని లోపలికి వెళ్లింది. రేగడి నేల స్వభావమే అంత. తడి ఆరిపోతే గడ్డపార దిగదు.

ఇలాంటి ప్రయాణం చేయాలనుకునేవాళ్లు చదువుతారని రాస్తున్నాను కనుక, ఎందుకు వెళ్లానో ముందు చెప్పాలి. సుజాత బోధన్ పక్క ఊళ్లో ప్రాథమిక పాఠశాల టీచరు. మూడో తరగతి పుస్తకంలో కొండలు, మంచు, సముద్రం ఒకే పాఠంలో వస్తాయి. మంచు ఎట్లుంటది టీచర్ అని పిల్లలు అడిగితే ఫ్రిజ్‌లో గీకినట్టు ఉంటుందని పదకొండేళ్లు చెప్పింది. చూడనిదాన్ని ఇంకా ఎన్నాళ్లు చెప్పాలి అంటూ పోయిన మే నెలలో ఒక నోటుబుక్కు తెరిచింది. జనవరి సెలవుల్లో ఏడు రోజులు. ఒక చోట పారాగ్లైడింగ్, అంటే గుడ్డ రెక్క కట్టుకుని గాలిలో ఎగరడం, ఒక చోట మంచులో స్కీయింగ్, చివర సముద్రం. "సముద్రం చివర్లో. ముందు చూస్తే మిగతావి చిన్నబోతాయి," అని రాసుకుంది. అన్నీ ఇద్దరికి బుక్ చేసింది. మాకు పిల్లలు లేరు.

సెప్టెంబరులో జ్వరం వచ్చింది. ఐదో రోజు చనిపోయింది.

బుకింగులు అలాగే ఉండిపోయాయి. రద్దు చేద్దామని రెండుసార్లు ఫోను తీసి పక్కన పెట్టాను. వెళ్లమన్నది అత్తమ్మ. అడ్డుపడింది మా బావమరిది. మా వైపు ఇంట్లో మనిషి పోతే ఏడాది తిరిగేదాకా గుట్ట ఎక్కరు, గుడి మెట్లు తొక్కరు. సంవత్సరీకం కాకముందే అంత పెద్ద గుట్ట ఎక్కుతావా బావా అని అతను వేల్పూర్ నుంచి రోజూ ఫోన్ చేశాడు. చివరికి అత్తమ్మ తేల్చింది: "దేవుడున్న గుట్ట ఎక్కొద్దన్నరు. గా మంచు గుట్ట మీద ఏ దేవుడుంటడు, సలికి?"

పసుపు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అత్తమ్మది వేల్పూర్‌లో పసుపు పండించే ఇల్లు. వాళ్ల ఇంట్లో ఒక నియమం ఉంది. ఏ చెయ్యి విత్తనం పెట్టిందో ఆ చెయ్యే తవ్వకం మొదలుపెట్టాలి. మొదటి పోటు ఆ చేతిదే. తర్వాత కూలీలు ఎవరైనా తవ్వొచ్చు. సుజాత పుట్టింటి విత్తనం తెచ్చి మా పెరట్లో పెట్టింది. డిసెంబరు చివరికి ఆకు పండింది. తవ్వమని అత్తమ్మ అడిగింది. నాటిన చెయ్యి లేదు కదా, ఉండనివ్వండి అన్నాను. అది నియమం మీద గౌరవం కాదు. ఆ సాళ్లు తవ్వేస్తే సుజాత మొదలుపెట్టిన పనుల్లో మిగిలేది ఇంకొకటి ఉండదు.

శనివారం బయల్దేరాను. హైదరాబాద్ నుంచి మధ్యాహ్నం విమానంలో ఢిల్లీ, అక్కడి నుంచి సాయంత్రం వోల్వో బస్సులో బీర్. హిమాచల్‌లో చిన్న ఊరు. పన్నెండు గంటల ప్రయాణం, చివరి మూడు గంటలు మలుపులే. కడుపులో తిప్పేవాళ్లు ముందు సీట్లు తీసుకోండి. బస్సులో నా పక్క సీటు ఖాళీ. అది కూడా మాదే. ఒకతను వచ్చి కూర్చోవచ్చా అని అడిగితే, మనిషి వస్తుందని చెప్పాను. ఆలోచించి చెప్పింది కాదు. నోట్లోంచి వచ్చేసింది.

బీర్ నుంచి ఎగిరే చోటికి జీపులో పద్నాలుగు కిలోమీటర్లు. జనవరిలో ఆకాశం తేటగా ఉన్న రోజునే ఎగరనిస్తారు, అదీ పది నుంచి మూడు మధ్య. మనిషికి మూడు వేల దాకా అవుతుంది. దారి మలుపులో చిన్న గుడి ఉంది. పైలట్లందరూ దిగి గంట కొట్టి వచ్చారు. నేను జీపులోనే కూర్చున్నాను. మా పైలట్ ముప్పై ఏళ్లవాడు, వచ్చి కారణం అడిగాడు. మా నిజామాబాద్ హిందీలో ఏడాది మైల అని ఏదో చెప్పాను. అతనికి సగమే అర్థమైంది. పర్వాలేదు, మీ తరఫున నేను చెప్పొస్తాను, ఇద్దరి పేర్లూ చెప్పండి అన్నాడు. బుకింగు కాగితంలో ఇద్దరు ఉన్నారు కదా. నా పేరు చెప్పాను. తర్వాత ఆమె పేరు చెప్పాను. సెప్టెంబరు తర్వాత ఆ పేరు నా నోటితో అనడం అదే మొదటిసారి.

పైకి వెళ్లేసరికి గడ్డి మీద రెండు రెక్కలు పరిచి ఉన్నాయి. ఒకటి నాకు, రెండోది సుజాతకు. రెండో రెక్క దగ్గర ఇంకో పైలట్ హెల్మెట్ చేతిలో పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. మేడమ్ ఏరీ అని అడిగాడు. తలనొప్పి, రూములో పడుకుంది అన్నాను. "భయపడుతున్నారేమో. భయం అందరికీ ఉంటుందని చెప్పండి. రేపు పదింటికి తీసుకురండి, నేను ఇక్కడే ఉంటాను," అన్నాడు. అలాగే అన్నాను. అతను రెక్క మడతపెట్టడం మొదలుపెట్టాడు. అది పెద్ద గుడ్డ. మడవడానికి చాలాసేపు పడుతుంది.

ఎగిరేటప్పుడు చేయాల్సింది ఒక్కటే. పరుగెత్తమంటే పరుగెత్తాలి, కాళ్ల కింద నేల ఉన్నంతసేపు కూర్చోకూడదు. నాలుగు అడుగుల్లో నేల పోయింది. ఇరవై నిమిషాలు ఎగిరాము. కింద మెట్లు మెట్లుగా పొలాలు, వెనక తెల్లటి కొండలు. బాగుంది. ఆ మాట చెప్పడానికి పక్కకు తిరిగితే గాలే ఉంది. వీడియో తీయనా అని పైలట్ అడిగాడు, వద్దన్నాను.

సోమవారం ఉదయం టాక్సీలో మనాలికి బయల్దేరాను. ఆరు గంటల దారి. పదింబావుకు ఫోన్ మోగింది. బీర్ నంబరు. రెండో పైలట్ ఆ కొండ మీద నిలబడి చేస్తుంటాడు. ఎత్తలేదు. మళ్లీ మోగింది, మళ్లీ ఎత్తలేదు. డ్రైవరు అద్దంలో నన్ను చూసి రేడియో పెట్టాడు.

మంగళవారం మంచు. మనాలి నుంచి సోలాంగ్ పద్నాలుగు కిలోమీటర్లు. ఎనిమిదికల్లా బయల్దేరాలి, పది దాటితే రద్దీకి వాహనాలు కదలవు. దారి పక్కన కోట్లు, బూట్లు అద్దెకిచ్చే దుకాణాలు వరసగా ఉంటాయి, ఒక్కో దానికి ఒక నంబరు. మా బుకింగులో రాసి ఉన్న దుకాణంలో యాభై ఏళ్ల ఆమె ఉంది. కాగితం చూసి బల్ల మీద రెండు జతల బూట్లు పెట్టింది. నావి తొమ్మిది. రెండోవి ఐదు. సుజాత సైజు ముందే రాసి పంపింది. మీ ఆవిడను లోపలికి పిలవండి, వేసి చూడాలి, బిగుతుగా ఉంటే మంచులో కాలు తిమ్మిరెక్కుతుంది అందామె.

ఈసారి తలనొప్పి అనలేకపోయాను. "ఆమె లేదు. చనిపోయింది," అన్నాను.

 ఆమె ఐదో నంబరు బూట్లను కాసేపు చూసింది. తాళ్లు మళ్లీ ముడివేసి అరలో పెట్టింది. "కాగితంలో ఇద్దరు ఉంటే నేను రెండు తీస్తాను బాబూ. నాకేం తెలుసు," అంది. తర్వాత నా ముందు కూర్చుని నా బూట్ల తాళ్లు తనే బిగించింది.

స్కీయింగ్ నేర్పేవాళ్లు అక్కడే దొరుకుతారు, రెండు గంటలకు మాట్లాడుకోవచ్చు. నేను ఏడుసార్లు పడ్డాను. ఏడోసారి లేవలేదు. లేపడానికి వచ్చినతన్ని పంపేసి మంచు చేతిలోకి తీసుకుని చూశాను. మాది చక్కెర ఫ్యాక్టరీ ఊరు, దూరం నుంచి చక్కెర లాగే ఉంది. చేతిలో పడితే కాదు. పిడికిలి మూస్తే గట్టి ముద్దయింది, తెరిస్తే నీళ్లు. ఫ్రిజ్‌లో గీకినదానికీ దీనికీ ఎంత తేడానో ఆ పిల్లలకు చెప్పాల్సిన మనిషి లేదు. నాకు తెలిసి ఏం లాభం.

ఆ సాయంత్రం బస్సెక్కి బుధవారం ఉదయానికి ఢిల్లీ, మధ్యాహ్నం విమానంలో గోవా. మధ్యలో ఒక పూట విశ్రాంతి పెట్టుకోవడం మంచిది. సుజాత పెట్టుకోలేదు. దక్షిణ గోవాలో రద్దీ తక్కువని అక్కడ గది తీసుకుంది. గదిలోంచి సముద్రం వినిపిస్తుంది. ఆ రోజు వెళ్లలేదు. తలుపు వేసుకుని పడుకున్నాను.

గురువారం ఉదయం ఎనిమిదికి వెళ్లాను. ఇసుక మీద మనుషులు తక్కువ. మోకాళ్ల దాకా దిగాను, తర్వాత నడుము దాకా. అక్కడ ఆగాలని అనిపించలేదు. చదివేవాళ్లకు అబద్ధం చెప్పను. వెనక్కి తిరగడానికి ఒక కారణం కావాలని వెతికాను, దొరకలేదు. ఇంకొన్ని అడుగులు వేశాను. వెనక నుంచి విజిల్ వినిపించింది. ఒడ్డున కాపలా ఉండే అతను ఎర్ర జెండా చూపిస్తూ నీళ్లలోకి వచ్చేశాడు. చెయ్యి పట్టుకుని ఒడ్డుకు తెచ్చి తిట్టాడు. జెండా కనపడలేదా, చదువుకున్నవాళ్లే ఇట్లా చేస్తారు అని. ఆ తిట్టు సబబే. మీరు కూడా జెండాలు చూసి దిగండి.

దిగేముందు బ్యాగు అతని గొడుగు కిందే పెట్టాను. అందులో ఫోన్ మోగుతోంది. అత్తమ్మ.

"యాడున్నవ్ బిడ్డ?"

"సముద్రం దగ్గర."

"ఎట్లున్నది?"

"పెద్దగా ఉంది."

"పెద్దగుంటదని అందరికెరుకే," అంది. మళ్లీ తనే, "ఆకు కోసిన. పొద్దుగాల నీళ్లు పెట్టిన," అంది.

నాకు కోపం వచ్చింది. ఎవరు పెట్టమన్నారు అన్నాను.

"నాకెవలు జెప్పాలె? ఇగ అది ఆగదు. శనివారం తవ్వాలె. నువ్వు రావాలె."

నాటిన చెయ్యి లేదని మళ్లీ అన్నాను. "ఇంటికి రా, జెప్త," అని పెట్టేసింది. వెనక్కి తిరగడానికి అంతకంటే పెద్ద కారణమేమీ దొరకలేదు. మిగతా రోజంతా జెండా అతని గొడుగు కింద కూర్చున్నాను.  మధ్యాహ్నం అతను తన డబ్బాలోంచి సగం అన్నం, చేపల కూర నా వైపు తోశాడు.

ఈ శుక్రవారం సాయంత్రం, ఇంటికి వచ్చాక, జొన్నరొట్టె పెడుతూ అత్తమ్మ చెప్పింది. "ఐదు సాళ్లల్ల రెండు నువ్వు పెట్టినవంట గద. సుజాత గారోజే నాకు ఫోన్ల జెప్పింది. రెండు సాళ్లు పెట్టి పారిపోయిండమ్మా, పేపర్లు దిద్దాల్నంట అని ఒకటే నవ్వుడు." నిజమే. నేను కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. ఆ రోజు సప్లిమెంటరీ పేపర్ల వంకతో చేతులు కడుక్కుని లోపలికి వచ్చేశాను. ఆమె ఒక్కతే ఎండలో మిగతా మూడు పెట్టింది. ఆ సంగతి నేను మరిచిపోయాననే అనుకున్నాను. మిగిలిన మూడు సాళ్లు ఎవరు మొదలుపెట్టాలో అత్తమ్మ చెప్పలేదు. 

ప్రయాణం మనసును తేలిక చేస్తుందని అంటారు. నాకు చేయలేదు. కొండకు, మంచుకు, సముద్రానికి నా మీద ఏ కోపమూ లేదు, ఏ జాలీ లేదు. ఆమె లేని చోటు మా పెరడు ఒక్కటే అనుకుని వెళ్లాను. వెళ్లిన ప్రతి చోటా ఆమె లేని ఖాళీ నాకంటే ముందే సిద్ధం చేసి ఉంది. వెళ్లేవాళ్లకు నేను చెప్పగల పనికొచ్చే మాట ఒకటే. ఇద్దరికి బుక్ చేసిన ప్రయాణానికి ఒక్కరే వెళ్తుంటే ముందుగా ఫోన్ చేసి ఆ మాట చెప్పేయండి. లేకపోతే వాళ్లు అన్నీ రెండు పెడతారు.

రేపు పొద్దున ఆరున్నరకు గడ్డపార తీసుకుని, గోడ వైపు ఉన్న నా రెండు సాళ్లు తవ్వుతాను.