మిగతాది లాజరునడుగు

బాలస్వామి అయ్యవారు తన జన్మలో ఏ మనిషికీ ఏ సంగతీ పూర్తిగా చెప్పి ఎరగరు. సగం మీకు చెప్తారు. మిగతా సగం ఇంకొకరికి చెప్తారు. ఆ ఇంకొకరెవరో మాత్రం దాచకుండా మీకు చెప్తారు. అంతవరకు న్యాయమైన మనిషే.

"జీవమ్మా, రేపు మన ఇంటికి చుట్టాలొస్తాండారు" అనేవారు భార్యతో, తలపాగా చుట్టుకుంటూ.

"ఎవురు? ఎంతమంది?"

"అది పాల సుబ్బయ్యకు చెప్పినా. ఆయప్పనడుగు."

పాల సుబ్బయ్యతో జీవమ్మకు మాటల్లేవు. పాలలో నీళ్లు కలిపావంటే కలపలేదని పెద్ద రగడ అయింది. అయినా వచ్చేది ఒక ముసలాయనో ఒక పటాలమో తెలియకుండా ఎసట్లో బియ్యం ఎట్లా పోస్తుంది? తిట్టుకుంటూ వెళ్లి అడిగింది. అడిగాక యోగక్షేమాలు కూడా అడగకపోతే బాగుండదు కదా. ఆ వారం నుంచి పాలు కాస్త చిక్కబడ్డాయి.

ఇంట్లో వ్యవహారం ఇట్లా ఉంటే బళ్లో ఎట్లా ఉండి ఉంటుందో చెప్పాలంటే సాలెవీధి ఉరుకుందప్ప కొడుకు కాశన్నను అడగాలి. తెల్లదొరలు ఇంకా దేశంలో ఉన్న రోజులు. కర్నూలులో కాశన్నవాళ్లు చదివిన హైస్కూలుకు అయ్యవార్లు తక్కువ, సెలవు చీటీలు ఎక్కువ. ఎవరు సెలవు పెట్టినా ఆ క్లాసుకు బాలస్వామి అయ్యవారే వెళ్లేవారు. చరిత్ర ఆయనే, సైన్సు ఆయనే, డ్రాయింగు, తెలుగు, ఇంగ్లీషు కూడా ఆయనే. అన్నిటికీ నోట్సు చెప్పేవారు. అయితే క్లాసంతటికీ చెప్పేవారు కాదు. ఒక్కొక్కణ్ణి బల్ల దగ్గరికి పిలిచి, ఒక్కొక్క ముక్క చెవిలో చెప్పి రాయించేవారు. ఆ ముక్క ఇంకొకడికి వినబడకుండా మిగతా పిల్లలంతా గొంతెత్తి ఎక్కాలు చదవాలి. మీసాలొచ్చిన పిల్లలు రెండో ఎక్కం అరుస్తుంటే హెడ్మాస్టరుగారు వరండాలో వింటూ, లెక్కలు బాగా నడుస్తున్నాయని సంతోషపడేవారు.

కాశన్నకు అన్నిటిలోనూ మొదలు దక్కింది. వాడికి ఒక జబ్బు ఉంది. ఏ కథైనా చివర ఏమైందో తెలియకపోతే అన్నం సహించదు. అట్లాంటి వాడికి తళ్లికోట యుద్ధం ఇట్లా వచ్చింది: సుల్తానులు ఒకవైపు, రామరాయలు ఒకవైపు. ఏనుగులు కదిలాయి. ఫిరంగులు పేలాయి. అంతే.

"సార్, ఎవురు గెలిచినారు?"

"శానా మంచి ప్రశ్నప్పా. మిగతాది లాజరునడుగు."

కప్ప తిన్న పురుగు గొంతులోంచి కడుపులోకి దిగడం దాకా కాశన్న దగ్గర ఉంది. ఆ పురుగు తర్వాత ఏమైందో లాజరు దగ్గర ఉంది. గాజునాళికలో మందు పోసి దీపం మీద వేడి చేయవలెను, అన్నంతవరకు కాశన్నది. ఎప్పుడు ఆపవలెనో లాజరుది. లాజరు జ్వరంతో రాని రోజున కాశన్న వేడి చేస్తూనే పోయాడు. నాళిక ఢామ్మని పగిలింది. డ్రాయింగులో కూజాకు ఎడమ సగం కాశన్న గీస్తే, కుడి సగం పక్కన కూర్చునే మహానంది గీయాలి, మూతి లాజరు పెట్టాలి. పద్యమైతే మొదటి పాదం ఒకడు ఎత్తుకుంటే నాలుగో పాదం వచ్చేసరికి క్లాసంతా తిరిగి రావాలి. ఎవరి దగ్గర ఏముందో తెలుసుకోవడమే వాళ్లకు పెద్ద చదువైంది.

కాశన్న తండ్రి ఉరుకుందప్ప ఒకసారి మగ్గం ఆపి వచ్చి హెడ్మాస్టరుగారి ముందు నిలబడ్డాడు.

"మావోడు రాత్రి కలలో ఏనుగులని అరుస్తాండాడు సామీ. ఆ యుద్ధం ముగించండి."

హెడ్మాస్టరుగారు బాలస్వామి అయ్యవారిని పిలిపించారు. "ఏమండీ, ఇదేం పద్ధతి? కారణం చెప్పండి."

"కారణాలు రెండుండాయి సార్. మొదటిది, పిల్లోళ్లకు బరువు తగ్గుతాది."

"రెండోది?"

"రెండోది డ్రాయింగు మాష్టరుకు చెప్పినా సార్."

డ్రాయింగు మాష్టరూ హెడ్మాస్టరుగారూ ఎప్పటినుంచో ఎడమొహం పెడమొహం. ఆ రెండో కారణం హెడ్మాస్టరుగారు అడిగారో లేదో ఎవరికీ తెలియదు. కొన్నాళ్లకు ఇద్దరూ కలిసి ఒకే గొడుగు కింద నడుస్తూ కనబడ్డారు. బాలస్వామి అయ్యవారి పద్ధతి మాత్రం మారలేదు.

ఇక లాజరు సంగతి. వెనక బెంచీ చివర కూర్చునే పిల్లవాడు. ఓర్వకల్లు దగ్గరి పల్లె వాడిది. కర్నూలులో చర్చి పక్కన మేనత్త ఇంట్లో ఉండేవాడు. మాట తక్కువ. ఎవరూ వాడితో మాట్లాడేవాళ్లు కారు కాబట్టి వాడికి మాటల అవసరమూ తక్కువే. అట్లాంటి వాడి చేతికి ముగింపులన్నీ వచ్చేసరికి, క్లాసంతా వాడి వెనక తిరగడం మొదలుపెట్టింది. మొదట్లో వాడు సాలెవీధికి వచ్చి వీధిలో నిలబడే కప్ప కడుపు సంగతి చెప్పేవాడు. కాశన్న అరుగు మీద కూర్చుని రాసుకునేవాడు. కొన్నాళ్లకు వినబడడం లేదని మెట్టు మీదికి పిలిచాడు. ఇంకొన్నాళ్లకు ఇద్దరూ అరుగు మీదే కూర్చున్నారు. కాశన్న తల్లి మద్దమ్మ మొదట గొణిగింది. తర్వాత ఆమే, "ఆ పిలగాడు ఈ పొద్దు రాలేదేమిరా? నిన్న పద్యంలో ఆ యమ్మ మొగుడు తిరిగొచ్చినాడా లేదా?" అని అడగడం మొదలుపెట్టింది. కాశన్న జబ్బు ఎక్కడినుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది.

ఆ ఏడు వాళ్లది స్కూలు ఫైనలు. "పాసైతే సర్కారు కచేరీలో కుర్చీ, తప్పితే మగ్గం గుంత" అని ఉరుకుందప్ప తేల్చి చెప్పేశాడు. అంతలో పులి మీద పుట్రలా, క్రిస్మసుకు ఊరికి పోయిన లాజరు తిరిగి రాలేదు. సంక్రాంతి దాటింది, శివరాత్రి దగ్గర పడింది, లాజరు జాడ లేదు. తళ్లికోట చివరి ముక్కను అయ్యవారు వాడికి ఊరికి పోయే రోజే చెప్పారు కాబట్టి, ఆ యుద్ధం ఇంకా ముగియనే లేదు. మధ్య ముక్కలున్న మహానంది, అటు మొదలూ ఇటు చివరా లేని మనిషిలా బడి చుట్టూ తిరుగుతున్నాడు.

కాశన్న అయ్యవారి దగ్గరికి పరుగెత్తాడు. "సార్, లాజరు రాలేదు. ముగింపులు మీరే చెప్పేయండి."

"నా దగ్గర యాడుండాయప్పా? ఇచ్చేసినాక నా దగ్గర ఏముంటాది?" అని అయ్యవారు కళ్లజోడు తుడుచుకున్నారు.

"మరి మేమేం కావల్ల సార్?"

"వాని ఊరు ఓర్వకల్లు దగ్గర."

"ఓర్వకల్లు దగ్గర యాడ?"

"మిగతాది బండి హుసేను సాయిబుకు చెప్పినా. రేపు పొద్దున్నే బనగానపల్లెకు ఖాళీ బండి తోలకపోతాండాడు. మీ కోసం ఆగుతాడు."

ముందే అన్నీ ఏర్పాటు చేసినట్టున్న ఈ జవాబు కాశన్నకు వింతగా తోచింది. కానీ దాని గురించి ఆలోచించే స్థితిలో లేడు. తెల్లారగానే బండి పట్టినంత మంది ఎక్కారు.

హుసేను సాయిబు బండి ఆపిన చోట, ఓర్వకల్లు గుట్టల దగ్గర, రోడ్డుకు కంకర కొడుతున్నారు. లాజరు తండ్రి ఏసేపు పక్కన లాజరు సుత్తి పట్టుకుని కూర్చుని ఉన్నాడు. బండెడు మంది పిల్లలు దిగేసరికి ఏసేపు గాభరాగా లేచాడు.

"ఎవురప్పా మీరు? మావోడు ఏం తప్పు చేసినాడు?"

"ఏమీ చేయలేదు పెద్దాయనా" అన్నాడు కాశన్న. "తళ్లికోట యుద్ధం వాని దగ్గర ఉండాది."

"కప్ప కడుపు కూడా" అన్నాడు మహానంది.

"మా అందరి కూజాలకు మూతులు కూడా" అన్నారు వెనకనుంచి.

ఏసేపు కొడుకు వైపు తిరిగాడు. "ఇంత సరుకు యాడ దాచినావురా?"

లాజరు తలవంచుకుని నవ్వాడు. ఏసేపుకు నవ్వు రాలేదు. "వానల్లేవప్పా. పొద్దు గూకేలోగా ఈ కుప్ప ఎత్తు కావల్ల. నా చేతులు ఒకటే సాలవు. అయినా బడిలో ఒకడు తక్కువైతే ఎవురికి తెలుస్తాది?"

"మాకు తెలుస్తాది!" అని కాశన్న గట్టిగా అరిచాడు. వాడికి నిజంగానే ఏడుపు వస్తోంది. "వాడు లేకపోతే మేమంతా ఫేలు!"

కాశన్న ఒక సుత్తి తీసుకుని కూర్చున్నాడు. మహానంది ఇంకొకటి తీసుకున్నాడు. పక్క కుప్పల వాళ్లను బతిమాలి మిగతావాళ్లూ సుత్తులు తెచ్చుకున్నారు. లాజరు మధ్యలో కూర్చుని ముగింపులు చెప్పాడు. రాళ్లు పగులుతుంటే విజయనగరం కూలింది. ఇన్నాళ్లూ రామరాయలే గెలిచాడని ధీమాగా ఉన్న కాశన్న, ఆయన తల తెగిందని వినగానే సుత్తి వేలి మీద వేసుకున్నాడు. వాడు ఏడ్చింది వేలి కోసమో రామరాయల కోసమో అక్కడ ఎవరికీ అర్థం కాలేదు. మధ్యాహ్నం లాజరు తల్లి వరమ్మ జొన్నరొట్టెలు, ఎర్రకారం తెచ్చింది. ఎవరు ఎవరింట తినొచ్చన్న సంగతి ఆకలి మీద ఒక్కడికీ గుర్తు రాలేదు. గుర్తొచ్చేసరికి రొట్టెలు అయిపోయాయి.

పొద్దు వాలేసరికి కంకర కుప్ప ఏసేపు ఎన్నడూ చూడనంత ఎత్తు లేచింది. ఆయన దాని చుట్టూ తిరిగి చూశాడు.

"ముగింపులన్నీ అయిపోయినాయా?"

"సగం కూడా కాలే నాయినా" అన్నాడు లాజరు.

"శనివారం శనివారం మేమంతా వచ్చి కొడతాం పెద్దాయనా" అన్నాడు కాశన్న. "మిగతా దినాలు వాణ్ణి మాకియ్యండి."

ఏసేపు పిల్లల బొబ్బలెక్కిన చేతులు చూశాడు. "ఒక చెయ్యి పోయి ఇన్ని చేతులొస్తాండాయి. పిల్సకపోండప్పా" అన్నాడు. మరునాడు తిరుగు బండిలో లాజరు కూడా ఎక్కాడు.

పరీక్ష ఫలితాలు ఎండాకాలంలో వచ్చాయి. కాశన్న పాస్, సెలవులకు ఊరికి పోయి ఉన్న లాజరూ పాస్. మహానంది కూడా పాసయ్యాడు గానీ, ఈ జన్మలో వాడికి కూజా ఎడమ వైపు గీయడం రాలేదు. ఉరుకుందప్ప సంతోషం పట్టలేక అయ్యవారి కోసం స్వయంగా ఒక తువ్వాలు నేసి కాశన్న చేతికిచ్చి వాళ్లింటికి పంపాడు.

"సార్" అన్నాడు కాశన్న తువ్వాలు అందిస్తూ, "ముగింపులన్నీ లాజరుకే ఎందుకిచ్చినారు?"

"నా చిన్నప్పుడు నన్ను కూడా బడి మానిపించినారప్పా" అన్నారు అయ్యవారు. "మేకలు కాసినా."

"తరువాత?"

"మిగతాది అమ్మనడుగు" అని ఆయన కొత్త తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వెళ్లిపోయారు.

జీవమ్మ వసారాలో చింతపండు గింజలు తీస్తోంది. "ఏడాది పైన కాసినాడంట" అంది. "క్లాసులో ఒక్కడంటే ఒక్కడు, వీడు యాడికి పోయినాడని అడగలేదంట. ఆయప్ప లేకపోతే ఎవురికీ ఏమీ తక్కువ కాలే కదా. ఒక దొరసానమ్మ మళ్లా తెచ్చి చేర్పిస్తే, పక్కన కూచునేవాడు 'కొత్తగా చేరినావా?' అన్నాడంట!"

జీవమ్మ నవ్వింది. నవ్వాలో వద్దో తెలియక కాశన్న ఆమె మొహం చూస్తూ ఉండిపోయాడు.

"అందుకని ఎవుడు బడి మానేటట్టుంటాడో వాని చేతికి ముగింపులిస్తాడు. అవి లేకుండా మీరు వానిని వదిలిపెట్టి యాడికి పోతారు?"

కాశన్న కూడా కూర్చుని ఒక చింతపండు గింజ తీశాడు. "మరి మొదళ్లన్నీ నాకెందుకమ్మా?"

"చివర తెలియకపోతే నువ్వు అన్నం తినవంట కదా. బండెక్కేవాడు ఎవుడన్నా ఉంటే అది కాశన్నే అన్నాడు. నీ గురించి ఇంకో మాట కూడా అన్నాడప్పా, శానా మంచి మాట."

"ఏమన్నారమ్మా?"

"నాకు చెప్పలేదు" అంది జీవమ్మ గింజలు ఏరుకుంటూ. "లాజరుకు చెప్పినాడంట."

కాశన్న చెప్పులు కూడా వేసుకోకుండా ఓర్వకల్లు బండ్లు ఆగే చోటికి పరుగెత్తాడు.